చీలిన గోరు

రెండో వరద వచ్చిన ఏడాది మా తమ్ముడు పోయాడు. గిటార్ మీటితే వాడి చీలిన బొటనవేలి గోరు ప్రతి స్వరానికీ ముందు సన్నగా గీరేది. జనం ఆ గీరుడు కోసమే వచ్చేవారు.

పది నెలలకు మరదలు ఆ గిటార్‌ను నా రిపేరు కొట్టుకు తెచ్చింది.

"తీగలు మార్చండి బావగారూ. ఆయన గీరుడు మాత్రం పోకుండా చూడండి."

"గీరుడు వాడి వేలిదమ్మా, గిటార్‌ది కాదు."

"మరి రాత్రిళ్ళు ఎవరు గీరుతున్నట్టు?"

ఆ రాత్రి కొత్త తీగలు బిగించి పక్కన పెట్టగానే, లోపల గీరిన చప్పుడైంది. బోర్లించి కుదిపితే చీలిన గోరొకటి రాలింది. దాని మొదట్లో పచ్చి మాంసం తడిగా అంటుకుని ఉంది. చీపురుతో మురుక్కాలవలోకి తోసేశాను.

పొద్దున్నే మరదలు వచ్చి తీగ మీటింది. స్వరం శుభ్రంగా పలికింది.

"ఇది ఆయన కాదు బావగారూ" అంటూ కూలబడింది.

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా మురుగులో పెట్టి వెతికాను.