బొట్టుబిళ్ల కింద లైటు

కారులో ఇంజిన్ లైటు నిన్న పొద్దుటినుంచి వెలుగుతూనే ఉంది. బండి కదలనంటోంది. రేపు అత్తగారి కంటి ఆపరేషన్. చూడలేక హైమావతి ఆ లైటు మీద బొట్టుబిళ్ల అంటించింది.

మెకానిక్ సూరిబాబు బానెట్టయినా ఎత్తలేదు. "చుట్టుపక్కల ఏ బండన్నా పోయిందాండీ?"

"పక్కవాళ్లది నిన్ననే తుక్కుకి వేశారు. అయితే?"

"ఇప్పటి బళ్లు మనల్ని చూసే అన్నీ నేర్చుకుంటున్నాయండి. మైల పాటిస్తోంది. ఆ బండి దీనికి ఏం వరసో చెబితే మూడ్రోజులో పదకొండో తేలుద్ది."

హైమావతి వరస లెక్కగట్టబోయింది. రెండు బళ్లూ పదేళ్లు ఒకే షెడ్డులో ఉన్నాయి. ఏది ఇంటికొచ్చినా రెండోది మెల్లగా హారన్ కొట్టేది. అక్కచెల్లెళ్లనుకోవాలా?

లైటు చూపిద్దామని బొట్టుబిళ్ల తీయబోయింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"సూరిబాబూ, కొంపదీసి అది దీని మొగుడు కాదు కదా?"