ఆర్మిందు రాయి

“ఆ మిషను అవతల పెట్టు! ఈ రాతి కింద మా ఆయనున్నాడు.”

ఎతెల్వీనా వచ్చి డ్రిల్లుకి అడ్డంగా నిలబడింది. అరవై దాటిన మనిషి. తలకి నల్లగుడ్డ. ఇలీదియా చప్పున మోటారు ఆపేసింది.

ఫోగో దీవికి కొత్త పటం తయారవుతోంది. అగ్నిపర్వతం ఏ సంవత్సరం కక్కిన లావా ఎందాకా పారి గడ్డకట్టిందో తేల్చి, ఒక్కోదానికీ పేరూ తేదీ రాయాలి. ఈ లోయ పని ఇలీదియా పట్టుబట్టి తన మీద వేయించుకుంది.

“వేలెడంత ముక్క చాలు పెద్దమ్మా. ఊళ్లో దీన్నేమంటారు?”

“ఆర్మిందు రాయి. ఇంకేమంటారు? తొంభై అయిదులో కొండ పగిలినప్పుడు మమ్మల్నందర్నీ లారీ ఎక్కించి, మేకల కోసం వెనక్కెళ్లాడు. అంతే.”

“ఎక్కడో బతికుంటాడని ఎప్పుడూ అనిపించలేదా?” నోరు జారాక ఇలీదియా నాలుక కరుచుకుంది.

“నువ్వూ మొదలెట్టావూ? నీళ్లతొట్టి దగ్గర ఆడాళ్లు చాలరూ! ‘నీ మొగుడు ఓడెక్కి పారిపోయుంటాడే’ అని ఎంత దెప్పారు నన్ను! నా చేతి జగసీద లేకుండా రెండ్రోజులుండలేని మనిషి. బతికుంటే రాడూ?”

కోపం తగ్గాక తనే ఇంటికి తీసుకెళ్లింది. మొక్కజొన్న రవ్వ, చిక్కుడు గింజలు కలిపి వండిన జగసీద, పక్కన వేయించిన చేప. ఇలీదియాకి ముద్ద దిగలేదు.

“నచ్చలేదా?”

“నచ్చింది పెద్దమ్మా. చిన్నప్పట్నించీ తింటున్నదే.”

కొన్నాళ్లకి ఫలితం వచ్చింది. లావా చల్లబడేటప్పుడు, ఆనాటి అయస్కాంతపు ఉత్తర దిక్కుని తనలో పట్టి ఉంచుకుంటుంది. ఆ దిక్కు ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతూ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి వయసు చెప్పొచ్చు. ఆ రాయి తొంభై అయిదుది కాదు. అంతకు రెండు వందల ఏళ్ల ముందుది. కొత్త లావా దాని అంచుదాకా వచ్చి ఆగిపోయింది. దాని కింద ఆర్మిందు ఉండే వీల్లేదు.

ఇలీదియా అనుకున్నదే.

నిజం చెప్పేద్దామనే మళ్లీ కొండెక్కింది. ఎతెల్వీనా ఆ రాతి దగ్గరే ఉంది. కొవ్వొత్తి వెలిగించి, కొత్త ద్రాక్షసారా రాతి మీద పోస్తోంది.

“వచ్చావా! మా ఆయన పేరు పటమెక్కిందా? ఇక నోరెత్తమను చూద్దాం ఒక్కదాన్ని!”

ఈ మనిషికి ఇన్నేళ్లూ విధవ అన్న మాటే పరువు. అది తీసేస్తే మిగిలేది, మొగుడొదిలేసినది అన్న మాట.

“ఎక్కింది పెద్దమ్మా. ఆర్మిందు రాయి. పంతొమ్మిది వందల తొంభై అయిదు.”

ఎతెల్వీనా ఆమె రెండు చెంపలూ పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టింది. ఉద్యోగంలో చేరాక ఇలీదియా ఖాయం చేసిన మొదటి తప్పుడు తేదీ అది.

జీపు లోయ దాటుతుండగా ఫోను మోగింది. సముద్రం అవతలి డాకర్ నుంచి. చాలాసేపు మోగనిచ్చి ఎత్తింది.

“ఆ రాయికి నీ పేరే రాసొచ్చాను నాన్నా,” అంది ఇలీదియా, “ఇక నువ్వు ఈ దీవిలో కాలు పెట్టకు.”