పన్నెండుసార్లు వెళ్ళిన ఇల్లు

“ఇవన్నీ దొంగ లెక్కలు డాక్టరు గారూ,” అంది పెద్ద సిస్టరు, గోడ మీది తెర వైపు వేలు చూపిస్తూ.

తెర మీద ఆ ఆరోగ్యకేంద్రంలోని నర్సుల పేర్లు వరసగా ఉన్నాయి. ఆస్పత్రుల రికార్డులన్నీ ఒకచోట కలిపి, ఏడాదిగా ఏ డాక్టరు గడపా తొక్కని ముసలివాళ్ళెవరో ఏరి, కంప్యూటరు ప్రతి నర్సుకూ ఒక జాబితా ఇస్తుంది. నర్సు ఆ ఇంటికి వెళ్ళి చూసివస్తే పేరు పక్కన గడి పచ్చబడుతుంది. వెళ్ళకపోతే ఎర్రగానే ఉండిపోతుంది.

పెద్ద సిస్టరు వరసలో సగానికి సగం ఎరుపే. దాని కిందే ఉన్న చిన్న సిస్టరు వరసలో ఒక్క మచ్చ కూడా లేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పచ్చదనమే. పొద్దున్నే వచ్చి ఆ తెర చూడగానే పెద్ద సిస్టరుకు కడుపులో నిప్పులు పోసినట్టుంటోంది. సూది పట్టుకోవడం దగ్గర్నుంచి తను నేర్పిన పిల్ల. ఇప్పుడు ఇంటింటి సేవకు సూపర్‌వైజరుగా ఎవర్ని వేస్తారంటే అందరూ ఆ పిల్ల వైపే చూస్తున్నారు. వరండాలో కూర్చున్న పేషెంట్లు కూడా “ఆ చిన్నమ్మాయి లేదా?” అని తననే అడుగుతున్నారు.

“దొంగ లెక్కలని ఎలా అంటున్నారు?” అన్నాడు డాక్టరు.

“నేను పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తిరిగినా రోజుకు నాలుగిళ్ళు దాటడం లేదు. దీనికేమన్నా రెక్కలున్నాయా? ఏ చెట్టు కిందో కూర్చుని ఫోన్‌లో పచ్చ రంగు నొక్కుతోంది.”

సంచీ భుజాన వేసుకుని బయల్దేరబోతున్న చిన్న సిస్టరు గుమ్మంలోనే ఆగిపోయింది. “నేను అన్ని ఇళ్ళకీ వెళ్ళానక్కా,” అంది మెల్లగా.

“అక్కా చెల్లీ అని వరసలు కలపకు. డాక్టరు గారికి సమాధానం చెప్పు.”

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “అనుమానం బయటపడ్డాక తేల్చాల్సిందే. అబద్ధమని తేలితే ఈ అమ్మాయి ఉద్యోగం పోతుంది. అది తెలిసే అంటున్నారా?”

“తెలిసే అంటున్నాను.”

“అయితే ఒక ఇంటికి ఫోన్ చేద్దాం. ఏ ఇల్లో మీరే చెప్పండి.”

చిన్న సిస్టరు జాబితా తెర మీదికి వచ్చింది. అందులో పేర్లుండవు, ఊరూ వీధీ ఉండవు. వయసు, జబ్బు, ఎన్నిసార్లు వెళ్ళారన్నదీ, అంతే. పెద్ద సిస్టరు ఒక్కో గడీ దిగుతూ వచ్చి, ఒకచోట టక్కున ఆగింది.

“ఇదిగో. డెబ్భై నాలుగేళ్ళ ఆవిడ. మూడు నెలల్లో పన్నెండుసార్లు వెళ్ళిందట. కన్నకూతురైనా వారం వారం వస్తుందా అండీ?”

చిన్న సిస్టరు మొహం పాలిపోయింది. “అది వద్దు డాక్టరు గారూ. ఇంకేదైనా చూడండి. మిగతావాటిలో ఏ ఇల్లైనా మీ ఇష్టం.”

“ఎందుకు వద్దు?”

“ఆవిడకు మాటిచ్చాను.”

“ఏమని?”

ఆ పిల్ల తల వంచుకుంది.

పెద్ద సిస్టరు గుండెల్లో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. ఇన్నాళ్ళకి దొరికింది. ఏమీ లేకపోతే ఇంత బెదురెందుకు? “దానికే చెయ్యండి,” అంది, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంటూ.

డాక్టరు ఆ గడి మీద నొక్కాడు. నంబరు కనపడకుండానే ఫోన్ మోగింది. గదిలో ముగ్గురికీ వినపడేట్టు స్పీకరు పెట్టాడు. చాలాసేపటికి అవతల ఎవరో ఎత్తారు.

“ఎవరూ?” ముసలి గొంతు గరగరలాడింది.

“ఆరోగ్యకేంద్రం నుంచమ్మా. మీ ఇంటికి నర్సు వస్తోందా?”

“రాకపోవడమేంటి నాయనా. గురువారం గురువారం వస్తుంది. మొదటిసారి వచ్చిన రోజు నా బీపీ రెండొందలు దాటింది. తనే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల రాకపోయుంటే ఈపాటికి గోడ మీద ఫోటోనై వేలాడుతుండేదాన్ని.”

పెద్ద సిస్టరు దిగ్గున లేచింది. “చాలు డాక్టరు గారూ. ఇక పెట్టెయ్యండి.”

“తేల్చమన్నది మీరేగా,” అని డాక్టరు ఫోన్ దగ్గరికి జరుపుకున్నాడు. “ఆ నర్సు వచ్చేదాకా ఏడాదిగా మీ బీపీ ఎవరూ చూడలేదని మా కంప్యూటరు చెప్పిందమ్మా. ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరూ లేరా?”

“అయ్యో, లేకేం. కోడలుంది. మీ దగ్గరే పెద్ద సిస్టరు. ఊరందరికీ చేసి చేసి అలిసిపోయి వస్తుంది, ఇక నాకూ చూడమని ఏ నోటితో అడగను? నాయనా, ఈ పిల్ల వచ్చి వెళ్తున్నట్టు మా కోడలికి మాత్రం తెలియనివ్వకు. కుళ్ళుకుంటుంది.”