పొగలేని సినిమా

"ఆ ట్రాక్టర్ ఆపమను! పొగంతా ఫ్రేములోకి వస్తాండాది!"

కొండ కింద నిలబడి చేతన్ అరిచిన అరుపుకు, పక్క చేలో దున్నుతున్న ట్రాక్టర్ చాలు మధ్యలోనే ఆగిపోయింది. పైన బండ అంచున సహన సైకిల్ ఆపి కాలు కింద పెట్టింది. కైవార కొండ బండల మీదుగా ఆమె సైకిల్‌తో దూకుతూ దిగడమే చేతన్ తీస్తున్న డాక్యుమెంటరీ. షూటింగుకు ఇది ఎనిమిదో రోజు, ఆఖరి రోజు కూడా.

"మూడెకరాలు దున్నేదానికీ డీజిలే! వీళ్ళు మారరు," అన్నాడు చేతన్, సహాయకురాలు అర్పితతో.

డీజిల్ పేరెత్తితే అతనికి ఒళ్ళు మంట. కిందటేడు ఒక పర్యావరణ చిత్రోత్సవం వాళ్ళు "షూటింగుకు రెండు జీపులా?" అని అతని సినిమాను తిప్పికొట్టారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది. ఈసారి చుక్క డీజిల్ కూడా కాల్చలేదని సంతకం చేసి పంపాలి. అబద్ధమని తేలితే ఇక జన్మలో గడప తొక్కనివ్వరు. అందుకే జట్టంతా చింతామణిదాకా రైల్లో వచ్చి, అక్కణ్నుంచి సైకిళ్ళు తొక్కారు. కెమెరాలకు ఎండతో ఛార్జింగు, తాగడానికి కుండనీళ్ళు, తినడానికి విస్తరాకులు.

సామాను మొయ్యడం దగ్గర షూటింగుకు ముందురోజే పేచీ వచ్చింది.

"చింతామణిలో కరెంటు ఆటో దొరుకుతాది సార్," అంది అర్పిత.

"ఆ కరెంటు బొగ్గు కాలిస్తే వచ్చేదే కదా! చదువుకున్నావు, ఏం లాభం?" అని ఈసడించి, చేతన్ ఊరి పెద్దాయన గంగప్ప వైపు తిరిగాడు. "మాకు ఎద్దులబండి కావల్ల."

గంగప్ప తల గోక్కున్నాడు. "నా ట్రాక్టర్‌లో ఏస్తే అర్ధగంటలో చేరస్తానప్పా. బండంటే శానా కష్టం."

"నేను చిక్కబళ్ళాపురంలో పుట్టినోణ్ణి, పల్లె సంగతి నాకు చెప్పొద్దు. ఒళ్ళు వంగక గానీ బండి కట్టేదానికి కష్టమేముండాది? చేతకాదంటే చెప్పు, ఇంకో ఊరు చూసుకుంటా."

గంగప్ప మొహం ఎర్రబడింది. "చేతకాకేం? రేపట్నుంచి వస్తాది లే."

అన్నట్టే వచ్చింది. మువ్వల గంటలతో తెల్లటి జత. అయితే తొమ్మిదికి ముందు ఏనాడూ రాలేదు, ఐదు దాటితే ఏనాడూ నిలవలేదు. పొద్దుటి వెలుతురంతా వృథా అవుతోందని చేతన్ రోజూ చిందులు తొక్కేవాడు.

"ఆరింటికి బండి కట్టలేవా? తెల్లారనిది ఎద్దులకా, నీకా?"

"అంత పొద్దున్నే కుదరదప్పా," అనేవాడు గంగప్ప, అంతకు మించి ఒక్క మాట చెప్పకుండా. సోమరిపోతుల ఊరని చేతన్ తేల్చేసుకున్నాడు.

ట్రాక్టర్ ఆగి పొగ విడిపోయాక సహన దిగింది. మూడు బండలు ఎగిరి దాటి, దుమ్ము రేపుకుంటూ వచ్చి వాళ్ళ ముందు ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చేతన్‌కు కళ్ళు చెమర్చాయి. ఈసారి తన సినిమాను ఎవడు ఆపుతాడో చూడాలనుకున్నాడు.

అర్పిత హామీపత్రం తెచ్చింది. "ఒక్క గడి మిగిలింది సార్. పశువుల్ని వాడింటే ఎక్కడ కట్టేస్తారో రాయమంటాండారు. గంగప్పను అడిగొస్తాను."

"ఆయన్ను అడిగేదేంది? ఊర్లోనే అని రాయి."

సంతకం గీకి, ఫోటో తీసి, అక్కడికక్కడే చిత్రోత్సవం వాళ్ళకు పంపేశాడు. తర్వాత బండి దగ్గరికి నడిచాడు. గెలిచినవాడికి నీతులు చెప్పాలనిపిస్తుంది.

"చూసినావా గంగప్పా? ట్రాక్టర్ లేకుంటే పని జరగదంటివే! పొగలేదు, డీజిల్ లేదు, ఎనిమిది దినాలు నీ ఎద్దులే అంతా మోసినాయి."

"నా ఎద్దులు యాడివప్పా?" మాట నిలబెట్టుకున్నవాడి గర్వంతో గంగప్ప మీసం దువ్వాడు. "ఇవి దినామూ బాగేపల్లి నుంచి లారీలో వచ్చి పోతాండాయి."