ఆఖరి పేజీ దెబ్బలు

“అమ్మో, చచ్చినాను!” అంటూ ముఖేష్ మంచం చుట్టూ పరిగెత్తాడు. వెనకాలే అతని పెళ్లాం వనజాక్షి చీపురు తిరగేసి పట్టుకుని తరిమింది.

వాకిట్లో చేపలు తోముతున్న చెంచమ్మ తలెత్తి చూసి మురిసిపోయింది. హమ్మయ్య, కోడలు పని మొదలుపెట్టింది! ఆమె గీస్తున్న కామిక్స్ కథ ఆఖరి పేజీ ఈ సాయంత్రానికల్లా హైదరాబాదు వెబ్‌సైటు వాళ్లకు చేరాలి. చేరకపోతే కథ అర్ధాంతరంగా ఆపేస్తారట. ఆ పేజీలోనే మైపాడు వీరనారి సొరచేప రాకాసిని చితక్కొడుతుంది. వీరనారి బొమ్మకు మోడల్ చెంచమ్మే. ఆ సంగతి వీధంతా చెప్పుకుని వచ్చింది కూడా. ఇప్పుడు పేజీ రాకపోతే పరువు పోదూ!

కోడలి పద్ధతి ఆమెకు కంఠతా వచ్చు. ముందు ముఖేష్ రాకాసిలా నిలబడాలి. వనజాక్షి దిండుతో రెండు మొత్తుతుంది. చెంచమ్మ ఫోన్లో ఫోటో తీస్తుంది. ఆ ఫోటో చూసుకుంటూ వనజాక్షి టాబ్లెట్ మీద పొర మీద పొర వేస్తుంది. అడుగున బొమ్మ, దాని మీద ఇంకు, ఆపైన రంగులు, చివర్న మాటల బుడగలు. ఆ టాబ్లెట్‌ని చెంచమ్మ పలక అంటుంది. దాన్ని ముట్టుకుంటే కాళ్లిరగ్గొడతానని కొడుక్కి ఎప్పుడో చెప్పి ఉంచింది.

ఇవాళ దిండు బదులు చీపురు. ఆఖరి పేజీ కదా, అచ్చం నిజంలా ఉండాలనుకుంది కాబోలు.

“ఫోటో తియ్యనా వనజా?”

“ఫోటో గీటో ఏం వద్దత్తా!” పళ్లు కొరికింది వనజాక్షి.

ఎంత లీనమైపోయింది పిల్ల!

“పోజేలేమ్మా, పోజు! నువ్వు లోపలికి రాబాక!” అరిచాడు ముఖేష్.

చెంచమ్మ వింటుందా? చేతులు కడుక్కుని వచ్చేసింది. “ఏందిరా ఆ మొహం? రాకాసికి నొప్పి కనపడాల! వనజా, ఆ చీపురేం ఆనుతాదమ్మా, ఇందా!” అని మూలనున్న పడవ తెడ్డు తీసిచ్చింది.

“అమ్మా, నువ్వు నా తల్లివేనా!”

“రాకాసికి తల్లేందిరా? నోరు మూసుకుని దెబ్బలు తిను.”

తెడ్డు వీపు మీద ఫెళ్లుమంది. ముఖేష్ కేకకు పక్కింటి కోళ్లు గోడ దూకాయి. చెంచమ్మ కళ్లు చెమర్చాయి. కొడుకు ఇంత గొప్పగా నటిస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

అప్పుడే రేవు నుంచి ఆమె మొగుడు ముత్యాలయ్య తడిసిన వల భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏమే చెంచమ్మా, పొద్దున మనోడు పడవలో సెల్ఫీ తీసుకుంటా సముద్రంలో జారవిడిచిన కోడలి పలక ఇదిగో, రొయ్యలతో పాటు వల్లో పడింది!”