ఆయ్ అంటే చాలదు

పట్నంలో బాంబు పేలుళ్లలో బతికి బయటపడి ఊరొచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో అల్లవరం డ్వాక్రా ఆడవాళ్లకి నేర్పడానికి వెళ్లాను. ఈ విషయంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా నమ్మకం.

పొద్దున్నుంచి నేనేం చెప్పినా ముందు వరసలోని బుల్లెమ్మగారు కోనసీమ పద్ధతిలో ఊ కొడుతూ "ఆయ్" అంటూనే ఉన్నారు.

"ఆయ్ అంటే చాలదండీ. 'మీ బాధ నాకు అర్థమైంది' అనాలి. నేనిచ్చిన కాగితంలో రాసుంది కదా!" అన్నాను చిరాగ్గా.

"ఆయ్," అన్నారావిడ.

ఇలా లాభం లేదని, బాధితుడి వేషం నేనే వేసి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. కాలేజీ నాటకాల్లో నాకు రెండు కప్పులొచ్చాయని, ఎవరూ అడక్కపోయినా చెప్పాను.

కాగితంలో బాధితుడి మాటలు చూస్తూ మొదలుపెట్టాను. "బస్సులో ఉన్నానండీ."

"ఆయ్."

"పెద్ద చప్పుడైందండీ."

"ఆయ్."

ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలీదు. చివరికి ఆపాను. నటన అదిరిందనుకుని చప్పట్ల కోసం తలెత్తాను.

బుల్లెమ్మగారు నా చేతిలోని కాగితం మెల్లిగా తీసుకుని పక్కన పెట్టారు.

"ఇందులో బస్సని ఉందండీ మాస్టారూ. మీరేమో టిఫిను హోటలన్నారు. తమ్ముణ్ణి అక్కడే వదిలేసి పరిగెత్తేనన్నారు."

దానికేం చెప్పాలో కాగితంలో లేదు.

"ఆయ్," అన్నాను.