ఫోటోలో అక్కర్లేని మనిషి

"కాస్త పక్కకి జరుగుతారా అమ్మా? ఫోటోలో పడుతున్నారు."

ఫ్రేములాయన ఈ మాట అనడం అది మొదటిసారి కాదు. ఏటా వేసవిలో అంటూనే ఉన్నాడు.

గొడుగావిడ జరగలేదు. చేతిలో గొడుగు మాత్రం ముడిచింది.

"మీరు తీసుకోండి బాబూ. నేను కదలను."

"కదలమనే కదమ్మా నేను చెప్పేది."

ఆవిడకి వినపడలేదో, వినదల్చుకోలేదో. కొలను గోడని ఆనుకుని, గోడ మీద కూర్చున్న ఆయన కూతురు బుడ్డిదాని పక్కనే పాతేసినట్టు నిలబడింది.

ఫ్రేములాయనకి ఒళ్ళు మండింది. అయినా ఫోటో తీశాడు. తీయక చస్తాడా?

బడులకి సెలవులివ్వగానే ఆ పార్కుకి రావడం, కొలను చుట్టూ ఉన్న పొట్టి గోడ మీద పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి ఫోటో తీయడం ఆ ఇంటి రివాజు. బుడ్డిదానికి కూర్చోవడం వచ్చిన వేసవిలో మొదలైంది. మరుసటి ఏడు దానికి నడక వచ్చింది. ఆ పై ఏడు నోరు వచ్చింది, వచ్చిన నోరు మళ్ళీ మూతపడలేదు. దాని అన్న పెద్దాడికి ముందుపళ్ళు ఊడిన సంగతి కూడా ఆ గోడ మీది నవ్వులోనే తెలుస్తుంది.

ఆయన షాపులో ఫోటోలకి ఫ్రేములు కడతాడు. పనిలో చెయ్యి తిరిగినవాడు. ఫోటోలో ఉండాల్సింది ఉండాలి, అక్కర్లేనిది బ్లేడుకి పోవాలి అనేది ఆయన సిద్ధాంతం. ఎవరి పెళ్ళి ఫోటోలోనైనా తెలియని మోచెయ్యి కనపడితే ఆయన చెయ్యి దురద పెట్టేది.

అలా ఏటా గొడుగావిడ కూడా బ్లేడుకి పోయింది. అయితే ఆయన దేన్నీ పారేసే మనిషి కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఫ్రేములో పాత ఫోటో మీద కొత్త ఫోటో పెట్టి, లోపల కదలకుండా వెనకాల ఆ కత్తిరించిన ముక్కనే కుక్కేవాడు.

ఆయన భార్యకి మాత్రం ఆ ఫోటోల్లో ఒకటే లోటు.

బుడ్డిదాని గౌనుకి వీపు వెనకాల రిబ్బను ముడి ఆవిడే కడుతుంది. సీతాకోకచిలకలా కుదురుగా కడుతుంది. ఫోటోలో చూస్తే ముడి ఊడిపోయి, రిబ్బను బిర్రుగా పక్కకి సాగి, ఫోటో అంచు దగ్గర తెగిపోయి ఉంటుంది.

"వెనకాల కట్టిన రిబ్బను పక్కకెలా వచ్చిందండీ?" అని అడిగేది.

గాలికి, అనేసేవాడు ఆయన.

ఆ వేసవి మాత్రం ఫ్రేములాయన ఊరుకోలేదు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర కాపలాదారుకి గట్టిగా చెప్పాడు. డబ్బిచ్చి టికెట్టు కొనుక్కుని వస్తే ప్రశాంతంగా ఒక ఫోటో తీసుకునే రాత లేదా, ఆవిణ్ణి గోడ దగ్గరికి రానివ్వొద్దు అన్నాడు.

ఏడాది తిరిగింది. మళ్ళీ వేసవి వచ్చింది.

గోడ దగ్గర గొడుగు లేదు. మనిషీ లేదు. ఇన్నాళ్ళకి పీడ విరగడైందని ఫ్రేములాయన హుషారుగా కెమెరా తీశాడు. బుడ్డిది ఈసారి ఎవరూ ఎత్తకుండానే గోడెక్కి కూర్చుంది. వాళ్ళమ్మ రిబ్బను సరిచేసి, ఫోటోకి అడ్డం రాకుండా వెనక్కి వచ్చేసింది.

"నవ్వండి," అన్నాడాయన.

బుడ్డిది నవ్వింది. నవ్వుతూ హాయిగా వెనక్కి వాలింది.

వెనకాల నీళ్ళు.

పెద్దాడు చెల్లెలి గౌను దొరకబుచ్చుకున్నాడు. కుట్లు పటపటా తెగాయి. ఫ్రేములాయన కెమెరా ఎక్కడ పారేశాడో, ఎలా ఉరికాడో ఆయనకే తెలియదు. దాని కాలు చేతికి అందింది. చెప్పు ఒకటి కొలనులో పడి, కాసేపు తేలి, మునిగిపోయింది.

కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. అటువైపు బాగా లోతు సార్, అన్నాడు.

వాళ్ళమ్మ బిడ్డని గుండెకి అదుముకుని ఏడుస్తూనే కోప్పడింది.

"అలా వాలావేంటే?"

బుడ్డిది తడబడకుండా చెప్పింది.

"ఎప్పుడూ వాలతాగా."

ఫ్రేములాయన గోడ పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాడు. ఆ గొడుగావిడ ఏమైందని కాపలాదారుని అడిగాడు.

"మీరు చెప్పాక గోడ దగ్గరికి రావద్దన్నాం సార్. ఆ తర్వాత రోజూ గేటు దగ్గరే నిలబడి, గోడ మీద పిల్లలెవరైనా ఉన్నారా అని అడిగేది. చలికాలంలో చనిపోయింది."

ఆ ఏడు ఫోటో లేదు. పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టాలన్న ధ్యాస కూడా లేకుండా ఇంటికొచ్చారు.

ఇంట్లో అడుగు పెడుతూనే ఫ్రేములాయన గోడ మీది ఫ్రేము దించాడు. వెనక అట్ట ఊడదీశాడు. ఫోటోలు ఒకటొకటిగా తీసి బల్ల మీద పరిచాడు. లోపల కుక్కిన ముక్కలు జారి కింద పడ్డాయి.

ఏంటండీ చూస్తున్నారు, అంటూ భార్య పక్కకి వచ్చింది.

ఆయన ముక్కలు ఏరి, ఏ ఫోటోది ఆ ఫోటో పక్కన చేర్చాడు. ఆయన కోత ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది, అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది.

గొడుగావిడ ఒక్క ఫోటోలో కూడా కెమెరా వైపు చూడటం లేదు. బుడ్డిదాని వీపు వైపే చూస్తోంది.

గౌను రిబ్బను ఆయన బ్లేడు గీత దాటి వెళ్ళి, ప్రతి ఫోటోలోనూ ఆవిడ పిడికిలికి రెండు చుట్లు చుట్టుకుని ఉంది.